రెండు తలుపుల ఇంట్లో ఎందరు

బేత్ లోజా గ్రామం, నాబ్లస్ దగ్గర
జనవరి 4, 1998

రమల్లాలో జనాభా లెక్కల ఆఫీసు పెద్దమనిషికి,

సలాములు. మీరూ మీ పిల్లలూ చల్లగా ఉండాలని కోరుకుంటూ రాస్తున్నాను.

నా పేరు షహాదే మన్సూర్. ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవరు, మా పెద్దవాడు రాఘిబ్ పేరు కలిపి అబూ రాఘిబ్ అంటారు. అరవై ఎనిమిదేళ్ళు. రాతి మేస్త్రీని. మోకాళ్ళు మొండికేశాక పని మానేశాను గాని, ఈ చుట్టుపక్కల వంకర లేని గోడ ఎక్కడ కనబడినా అది నేను కట్టిందే అనుకోవచ్చు.

విషయం ఏమిటంటే, పోయిన నెల మీవాళ్ళు లెక్కలు రాయడానికి వచ్చారు. మన మనుషుల్ని మనమే లెక్క రాసుకోవడం ఇదే మొదటిసారి కదా, ఊరంతా గుమ్మాల్లో నిలబడి పెళ్ళివారి కోసం చూసినట్టు చూశాం. మా వీధికి బడిపంతులు నజ్మీ వచ్చాడు. మంచివాడు. వెళ్తూ వెళ్తూ మా తలుపు మీద నీలం రంగుతో ఇంటి నంబరు వేసి, దాని కింద ఇంట్లో మనుషులు ఎంతమందో వేశాడు. ఒకటి అని వేశాడు.

అయ్యా, ఆ ఒకటి నా ప్రాణం తీస్తోంది. మంగలి ఫాయెక్ నా గడ్డం గీస్తూ, "ఏం అబూ రాఘిబ్, వంట నువ్వే చేసుకుంటున్నావా?" అని అడుగుతున్నాడు. కత్తి వాడి చేతిలో ఉంటుంది కాబట్టి నేనేమీ అనడం లేదు. మా మేనత్త కూతురు రెండుసార్లు పప్పుచారు గిన్నె పంపించింది. మొన్న పక్క ఊరి నుంచి ఒకాయన వచ్చి, కాఫీ తాగి, వానల గురించి మాట్లాడి, ఆలివ్ కాపు గురించి మాట్లాడి, చివరికి తన చెల్లెలు వితంతువనీ, చాలా నెమ్మదస్తురాలనీ చెప్పి పోయాడు.

మా ఇంట్లో ఇంకొకరు ఉన్నారు. నలభై నాలుగేళ్ళుగా ఉన్నారు. దయచేసి ఆ ఒకటిని రెండు చేయగలరు.

ఇట్లు,
షహాదే మన్సూర్

తా.క. ఆ ఇంకొకరి పేరు నేను కాగితం మీద రాయలేను. మీరూ సంసారులే కాబట్టి అర్థం చేసుకుంటారు.

రెండో తా.క. ఈ ఉత్తరం ఆ ఇంకొకరు చదివారు. "ఇంకొకరు" అన్నది కూడా తన పేరు కాదని మీకు తెలియజేయమన్నారు.

*

రమల్లా
జనవరి 14, 1998

గౌరవనీయులైన షహాదే మన్సూర్ గారికి,

మీ ఉత్తరం అందింది. రోడ్డు మూసి ఉన్నందువల్ల ఆలస్యంగా అందింది.

మీ ఇంటికి సంబంధించిన కాగితం తీసి చూశాం. "ఈ ఇంట్లో ఎవరెవరు ఉంటారు?" అన్న ప్రశ్నకు మీరు "నేనూ, పైన దేవుడూ" అని జవాబు చెప్పినట్టు నజ్మీ గారు రాసుకున్నారు. నిబంధనల ప్రకారం అందులో మిమ్మల్ని మాత్రమే లెక్కించడం జరిగింది.

మీరు చెబుతున్న రెండో వ్యక్తిని చేర్చాలంటే ఆ వ్యక్తి పేరు, వయసు, స్త్రీయా పురుషుడా, మీకు ఏమవుతారు అన్న వివరాలు పంపించండి. సదరు వ్యక్తి అతిథి అయితే వారి సొంత ఇంట్లోనే లెక్కకు వస్తారు. అద్దెకు ఉంటున్నవారైతే వారికి వేరే కాగితం రాయాల్సి ఉంటుంది.

భవదీయుడు,
ముంతసిర్ ఖలఫ్
సవరణల విభాగం

తా.క. నేను సంసారిని కాను. నాకింకా పెళ్ళి కాలేదు. అందువల్ల అర్థం చేసుకోలేకపోయాను.

*

బేత్ లోజా
జనవరి 22, 1998

బాబూ ముంతసిర్,

నీకు మంచి పిల్ల దొరకాలని కోరుకుంటూ మొదలుపెడుతున్నాను. పెళ్ళి కాలేదన్నావు కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు.

నీ ఉత్తరాన్ని అన్నం ముందు కూర్చుని పైకి చదవడం నాదే బుద్ధి తక్కువ. "అద్దెకు ఉంటున్నవారు" అన్న ముక్క దగ్గర మా ఇంట్లోవాళ్ళు గరిటె కింద పెట్టారు. "ఎవరి వంటింట్లో ఎవరు అద్దెకున్నారో ఆ బాబుకి వివరంగా రాయండి" అన్నారు. అందుకని రాస్తున్నాను.

ముందు ఆ రోజు సంగతి చెబుతాను. నజ్మీ వచ్చేసరికి నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. మంగలి ఫాయెక్ ఉన్నాడు, మిల్లు అబ్దుర్రహీం ఉన్నాడు, అతని బావమరిది ఉన్నాడు. అంతమంది మగాళ్ళ మధ్య నిలబడి "ఇంట్లో ఎవరెవరు, పేర్లు చెప్పండి" అన్నాడు పంతులు. ఫాయెక్ వింటుండగా నా భార్య పేరు చెప్పనా? రేపటికల్లా ఆ పేరు వాడి కొట్లో ప్రతి గడ్డానికీ తెలుస్తుంది. మా నాన్న మా అమ్మ పేరు ఆవిడ సమాధి రాయి మీద చెక్కించేటప్పుడే మొదటిసారి బయటపెట్టాడు. అది కూడా పరాయి మేస్త్రీకి చెప్పలేక నా చేత చెక్కించాడు. అందుకని నేనూ దేవుడూ అన్నాను. మిగతాది పంతులు అర్థం చేసుకుంటాడనుకున్నాను. వాడు లెక్కల పంతులు కాదు, డ్రాయింగు పంతులు.

ఇక ఇల్లు. మా ఇంటికి రెండు తలుపులు. ఒకటి బేత్ లోజా రోడ్డు మీదికి తెరుచుకుంటుంది, రెండోది ఐన్ తీనా శరణార్థుల క్యాంపు సందులోకి. మధ్యలో ఒక గోడ. గోడకి అవతలి గది మా మామగారిది. నలభై ఎనిమిదిలో సముద్రం వైపున్న వాళ్ళ ఊరు కఫ్ర్ నర్జిస్ నుంచి తరిమేస్తే కట్టుబట్టలతో వచ్చి, కొన్నేళ్ళు గుడారంలో ఉండి, ఆ తర్వాత ఆ గది వేసుకున్నాడు. మా స్థలం ఆనుకునే ఉండేది. పిల్లనిస్తాను గాని క్యాంపు దాటించి పంపనన్నాడాయన. నేను ఊరు దాటి రానన్నాను. ఏడాది గడిచింది. పెద్దమనుషులు అలసిపోయారు. చివరికి నేనే సుత్తి తీసుకుని మధ్య గోడలో గుమ్మం కొట్టాను. మా పెళ్ళి ఊరేగింపు నాలుగడుగులు. డప్పులవాళ్ళు పాట ఎత్తుకోకముందే అయిపోయింది.

ఇప్పటికీ వంటిల్లు క్యాంపులో, పడక ఊళ్ళో. ఆ ఇంకొకరు అతిథీ కాదు, అద్దెకూ లేరు. రాఘిబ్ వాళ్ళమ్మ. అలా రాసుకో.

నీ శ్రేయోభిలాషి,
అబూ రాఘిబ్

తా.క. గిన్నెలు కడుగుతున్న చప్పుడు బట్టి కోపం ఇంకా తగ్గలేదని తెలుస్తోంది. "అద్దె" అన్న మాట వెనక్కి తీసుకున్నట్టు ఒక ముక్క రాస్తే నీ మేలు మరిచిపోను.

*

రమల్లా
ఫిబ్రవరి 2, 1998

గౌరవనీయులైన అబూ రాఘిబ్ గారికి,

మా జనవరి 14 నాటి ఉత్తరంలోని "అద్దె" అనే పదాన్ని ఈ ఆఫీసు ఉపసంహరించుకుంటోంది. ఈ వాక్యాన్ని మీ ఇంట్లోవారికి చూపించవచ్చు.

ఇక అసలు విషయం. "రాఘిబ్ వాళ్ళమ్మ" అని రాసుకోవడానికి వీల్లేదు. మన దేశంలో ఆడవాళ్ళందరినీ అలా రాస్తే సగం కాగితాల మీద ముహమ్మద్ వాళ్ళమ్మే ఉంటుంది. అయినా మీ మాట మీద ఐన్ తీనా క్యాంపు కాగితాలు తెప్పించి చూశాను. అక్కడ రాఘిబ్ వాళ్ళమ్మలు ఆరుగురు ఉన్నారు. అందులో ఒకావిడ ఇల్లు ఊరి అంచున, మీరు చెప్పిన చోటే ఉంది. ఆ ఇంటి తలుపు మీద కూడా ఒకటి అనే వేశారు.

అక్కడికి వెళ్ళిన ఎన్యూమరేటరు ఒక అమ్మాయి. ఆమె అడిగిన ప్రశ్నలకు సదరు మహిళ చెప్పిన జవాబులు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "ఇక్కడ ఎవరెవరు ఉంటారు?" "నేనొక్కదాన్నే." "పెళ్ళయిందా?" "అయింది." "భర్త ఎక్కడుంటారు?" "బేత్ లోజాలో." "కలిసి ఎందుకు ఉండటం లేదు?" "అది ఆయన్ని అడగండి."

కాబట్టి అడుగుతున్నాను. విడిగా ఉంటున్న భార్యాభర్తలను వారిద్దరి అంగీకారం లేకుండా ఒకే ఇంట్లో రాసే అధికారం మాకు లేదు.

భవదీయుడు,
ముంతసిర్ ఖలఫ్

తా.క. ఇది ఆఫీసు తరఫున కాదు, నా తరఫున. మా పిన్నీ బాబాయీ కూడా ఇలాగే ఏడాదిపాటు విడిగా ఉన్నారు. మా తాత మధ్యవర్తిగా వెళ్ళి ఒక మేకపోతును కోయించాడు. ఇప్పుడు బాగానే ఉన్నారు. మీరు ధైర్యంగా ఉండండి.

*

బేత్ లోజా
ఫిబ్రవరి 9, 1998

బాబూ ముంతసిర్,

నా పెళ్ళాం నన్ను వదిలేసిందని నలభై నాలుగేళ్ళ తర్వాత ప్రభుత్వం వారి ద్వారా తెలిసింది. కబురు చేసినందుకు సంతోషం.

ఉత్తరం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. ఆవిడ వంకాయలు వేయిస్తోంది.

"ఒక్కదాన్నే ఉంటానని చెప్పావట" అన్నాను.

"ఆ పిల్ల ఈ ఇంట్లో ఎవరుంటారని అడిగింది. ఇది క్యాంపు ఇల్లు. మీరు క్యాంపులో ఎప్పుడున్నారు?"

"రోజుకు మూడుసార్లు ఇక్కడే కదా తింటున్నాను."

"తినడానికి వస్తారు. తిని వెళ్ళిపోతారు. మీ స్నేహితులందరి ముందూ ఏమంటారు? క్యాంపులో పిల్లని చేసుకున్నాను గాని క్యాంపులో ఒక్క రాత్రి పడుకోలేదు అంటారా అనరా?"

అంటాను. మీసం మీద చెయ్యేసి మరీ అంటాను. ఆ మాట అరుగు మీద అంటే వంటింట్లోకి వినబడుతుందని నాకెప్పుడూ తోచలేదు.

"సరే, అది నా గొప్ప. నువ్వు ఊళ్ళో ఉన్నానని చెబితే నీ సొమ్మేం పోయింది? పడుకునేది ఇటే కదా" అన్నాను.

ఆవిడ మంట తగ్గించింది. "నేను ఊళ్ళో ఉన్నానంటే ఇక్కడ ఎవరూ లేరని రాసుకుంటారు. తలుపు మీద సున్నా వేస్తారు. మా నాన్న గది మీద నా చేతులతో సున్నా వేయించమంటారా?" అంది.

బాబూ, ఇన్నేళ్ళుగా ఆ గదిలో కూర్చుని తింటూ దాన్ని నేను వంటిల్లు అనే అనుకున్నాను. ఆవిడకి అది వాళ్ళ నాన్న గది. ఆయన ఆ పొయ్యి పక్కనే పోయాడు. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. శవాన్ని ఎత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను. తెలిసీ ఆలోచించలేదు. నాకు చాలా బాధ కలిగింది.

అందుకని ఒక ఉపాయం చెబుతాను. ఆవిడని రెండుచోట్లా రాయి. ఊళ్ళో ఒకసారి, క్యాంపులో ఒకసారి. అబద్ధమేమీ కాదు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. పని చూస్తే ఇద్దరి పని చేస్తుంది.

నీ శ్రేయోభిలాషి,
అబూ రాఘిబ్

తా.క. మేకపోతు సంగతి ఆవిడ చదివింది. కోయించమంటోంది. మనం విడిపోలేదు కదా అంటే, అయినా పరవాలేదంటోంది.

*

రమల్లా
ఫిబ్రవరి 18, 1998

అబూ రాఘిబ్ గారికి,

నమస్కారాలు. ముందుగా, మీ ఇంట్లోవారి తండ్రి గురించి చదివి నాకు కష్టంగా అనిపించింది. మా తాత కూడా ఇలాగే, జలజోన్ అనే క్యాంపులో పోయాడు.

మీరు చెప్పిన ఉపాయం మా పై అధికారి దృష్టికి తీసుకెళ్ళాను. మనిషిని రెండుసార్లు రాయడం మొదలుపెడితే సాయంత్రానికల్లా మన జనాభా రెట్టింపవుతుంది. ఆ ఆలోచన ఆయనకి కొంచెం నచ్చినట్టే కనబడింది. కాసేపు కిటికీలోంచి చూసి, తర్వాత కుదరదన్నారు.

నిబంధన చెబుతాను, కోప్పడకండి. ఒకే కుండలోంచి తినేవాళ్ళు ఒక కుటుంబం. ఆ కుటుంబం ఎక్కడ పడుకుంటే అక్కడి లెక్క. మీరిద్దరూ ఊరి వైపు పడుకుంటే బేత్ లోజాలో రెండు, క్యాంపు తలుపు మీద సున్నా. క్యాంపు వైపు పడుకుంటే ఐన్ తీనాలో రెండు, ఊరి తలుపు మీద సున్నా. ఇప్పుడున్నట్టే వదిలేస్తే చెరొక ఒకటి. నాలుగో దారి లేదు, నేను వెతికాను.

పుస్తకం ఈ మార్చి ఆఖరుకి అచ్చుకు వెళ్తుంది. ఏ ఊళ్ళో ఎంతమంది, ఏ క్యాంపులో ఎంతమంది అన్నదంతా అందులో ఉంటుంది. ఆలోగా ఏదో ఒకటి తేల్చుకుని రాయండి.

భవదీయుడు,
ముంతసిర్ ఖలఫ్

తా.క. మధ్యాహ్నం టీ తాగేటప్పుడు "బేత్ లోజా నుంచి ఏమైనా వచ్చిందా" అని ఆఫీసులో అందరూ అడుగుతున్నారు. మీ ఉత్తరాలు చదివి వినిపించడం తప్పయితే క్షమించండి. మేకపోతు విషయంలో అందరూ మీ ఇంట్లోవారి పక్షమే.

*

బేత్ లోజా
మార్చి 1, 1998

బాబూ ముంతసిర్,

మంచం జరిపాను.

అది ఇనప మంచం, మా అమ్మ కాలంనాటిది. గుమ్మంలో ఇరుక్కుపోయింది. మంచం తల క్యాంపులోకి వెళ్ళింది, కాళ్ళు ఊళ్ళో ఉండిపోయాయి. ఆ గుమ్మం కొట్టింది నేనే కాబట్టి ఎవరినీ తిట్టే వీలు లేకపోయింది. చివరికి నాలుగు రాళ్ళు ఊడదీసి లోపలికి నెట్టాను. ఇప్పుడు పొయ్యికీ మంచానికీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడవాలి.

కబురు పొక్కింది. మర్నాడే మా ఊరి పెద్ద అబూ సఖ్ర్ ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. కాఫీ ఇస్తే నోటికి ఆనించకుండా కప్పు కింద పెట్టాడు. అడిగింది ఒప్పుకునేదాకా తాగడని అర్థం.

"మన్సూర్లు ఈ ఊళ్ళో నాలుగొందల ఏళ్ళుగా ఉన్నారు. నువ్వు ఇప్పుడు ఊరి లెక్క తగ్గిస్తావా? పక్క ఊరివాళ్ళు మనకన్నా తొమ్మిది మందే తక్కువ. వాళ్ళలో ముగ్గురు నిండు చూలాళ్ళు. కాస్త ఆలోచించు" అన్నాడు.

"నేను జరిగింది నాలుగడుగులు. చచ్చిపోలేదు" అన్నాను.

"లెక్కలో రెండూ ఒకటే" అన్నాడు. కాఫీ చల్లారిపోయింది. నేను ఒప్పుకోలేదు, ఆయన తాగలేదు. మా నాన్న ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు. అయినా ఒప్పుకోలేదు.

ఆ మర్నాడు రెండో తలుపు దగ్గర చప్పుడైంది. క్యాంపు కమిటీ వాళ్ళు. వాళ్ళకీ కాఫీ పెట్టాం. వాళ్ళ పెద్ద అబూ జౌదత్ చాలా మర్యాదస్తుడు, కప్పు ఖాళీ చేశాకే మొదలుపెట్టాడు.

"మా క్యాంపుకి వస్తున్నావని విన్నాం, సంతోషం. కానీ పద్ధతి ప్రకారం అడగాలి కదా. ఇక్కడ ఉండేవాళ్ళందరూ ఎక్కడో ఒకచోటు నుంచి తరిమితే వచ్చినవాళ్ళే. నువ్వెక్కడి నుంచి వచ్చావు?"

"పక్క గది నుంచి" అన్నాను.

"ఎవరు తరిమారు?"

నేను వెనక్కి తిరిగి పొయ్యి వైపు చూశాను. ఆవిడ తలగుడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. పెళ్ళయిన కొత్తలో అలా నవ్వేది. అబూ జౌదత్ అది చూసి, ఇక పద్ధతి సంగతి ఎత్తలేదు. ఇంకో కప్పు పోయమన్నాడు.

కాబట్టి రాసుకో. ఐన్ తీనా క్యాంపు, ఊరి అంచున ఉన్న ఇల్లు, ఇద్దరు మనుషులు. ఆ తలుపు మీద సున్నా పడదు.

నీ శ్రేయోభిలాషి,
అబూ రాఘిబ్
(ఇప్పుడు క్యాంపు నివాసి)

తా.క. ఈ గదికి రేకుల కప్పు. వాన పడితే ఎవరో గులకరాళ్ళు పోస్తున్నట్టు ఉంటుంది. నాకు కన్ను మూతపడటం లేదు. ఆవిడ హాయిగా నిద్రపోతోంది. పెళ్ళికి ముందు ఈ చప్పుడు వింటూనే పడుకునేదట. ఇన్నేళ్ళలో నాకా సంగతి తెలియదు.

*

రమల్లా
మార్చి 8, 1998

అబూ రాఘిబ్ బాబాయికి,

ముంతసిర్ సలాములు. మీ ఉత్తరం చదివాక మా పై అధికారి లేచి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చారు. నవ్వి నవ్వి అని ఆయనన్నారు.

ఇక ఒకే ఒక్క మెట్టు మిగిలింది. చెబితే మీకు కష్టంగా ఉంటుందని తెలుసు.

ఆ క్యాంపు ఇల్లు మీ ఇంట్లోవారి తండ్రిది కాబట్టి అక్కడ కుటుంబ పెద్ద ఆవిడే. మీ పేరు ఎదురుగా "భర్త" అని ఉంటుంది. ఇది కష్టమైన సంగతి కాదనుకుంటాను. అసలు కష్టం వేరే. రెండు కాగితాలను ఒక్కటి చేయాలంటే భార్య పేరును భర్త తన చేత్తో రాసి సంతకం పెట్టాలి. రాఘిబ్ వాళ్ళమ్మలు ఆరుగురు ఉన్నారు కదా.

ఆవిడ పేరు నాకు తెలుసు. క్యాంపులో లెక్క రాసిన అమ్మాయికి ఆవిడే చెప్పారు, కాగితంలో ఉంది. కానీ నేను రాస్తే చెల్లదు. మీరే రాయాలి.

ఇరవై అయిదో తారీకులోగా అందకపోతే పుస్తకంలో మీరు ఒక ఇంట్లో, ఆవిడ ఒక ఇంట్లో, ఒంటరిగానే ఉండిపోతారు. మళ్ళీ లెక్కలు పదేళ్ళకి గాని రావు. అప్పుడు సరిచేసుకుందాం అనడానికి నాకు మనసొప్పడం లేదు.

మీ,
ముంతసిర్

తా.క. మీరు పంపే కాగితాన్ని టీ దగ్గర చదవను. నేనే విప్పి, నేనే కలిపి, నేనే కుడతాను.

రెండో తా.క. నాకు పెళ్ళి కుదిరింది. మీ దీవెనే అయి ఉంటుంది. ఆ అమ్మాయి పేరు మా అమ్మకి చెప్పడానికి నాకూ రెండు రోజులు పట్టింది.

*

ఐన్ తీనా, మా నాన్న గది
మార్చి 17, 1998

నాయనా ముంతసిర్,

నీ పెళ్ళికి నా దీవెనలు. ఇన్నాళ్ళూ మీ మగాళ్ళిద్దరూ నన్ను ఇంకొకరు అనీ, అద్దె మనిషి అనీ, సదరు మహిళ అనీ రాసుకున్నారు. అన్నీ చదివాను. ఈసారి నేనే రాస్తున్నాను.

దీనితో ఒక చిన్న కాగితం జతపరిచాను చూడు. అది ఆయన చేతిరాత. ఎలా రాశారో నీకు చెప్పాలి. ఇంకెవరికి చెప్పినా ఆయన ఊరు వదిలి పారిపోతారు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు టిఫిను కూడా ముట్టకుండా కలం పట్టుకుని కూర్చున్నారు. కలంలో సిరా లేదన్నారు. తెచ్చి పోశాను. బల్ల కదులుతోందన్నారు. కింద రాయి పెట్టాను. "రాయి మీదయితే ఈపాటికి చెక్కేసేవాణ్ణి" అన్నారు. "నా పేరు రాయి మీద చూసుకోవడానికి అంత తొందరేం లేదు" అన్నాను. అప్పుడు నన్ను గదిలోంచి వెళ్ళమన్నారు. నేను చూస్తుంటే చెయ్యి కదలడం లేదట. క్యాంపు తలుపులోంచి బయటికి వెళ్ళి, చుట్టూ తిరిగి, ఊరి తలుపులోంచి లోపలికి వచ్చి, మా పడకగదిలో కూర్చున్నాను. మంచం లేక ఆ గది బోసిపోయి ఉంది.

చాలాసేపటికి దగ్గు వినిపించింది. ఆయన నన్ను పిలిచేది అలాగే.

"సరిగ్గా రాశానా, చూడు" అన్నారు.

"కళ్ళజోడు లేదు, మీరే చదవండి" అన్నాను. కళ్ళజోడు నా నెత్తి మీదే ఉంది. ఆయనకీ కనబడుతూనే ఉంది.

తలుపుల వైపు చూశారు, రెండింటి వైపూ. లేచి వెళ్ళి రెండూ మూసి వచ్చారు. అప్పుడు చదివారు.

"వస్ఫియ్యా."

నాయనా, మా నాన్న పోయాక ఆ పేరు ఒక మగమనిషి నోట వినలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆయనకి తెలియకూడదని, "మళ్ళీ చదవండి, అక్షరాలు తప్పాయేమో" అన్నాను. మళ్ళీ చదివారు. "ఇంకొక్కసారి" అన్నాను. మూడోసారి కాగితం వైపు చూడలేదు.

ఆ కాగితాన్ని జాగ్రత్తగా కుట్టు. కానీ నువ్వు అనుకున్నట్టు కాదు. మా ఇద్దరినీ క్యాంపులో రాయకు. బేత్ లోజాలో రాయి. ఇది ఆయనకి తెలిసే రాస్తున్నాను. రాఘిబ్ వచ్చి మంచాన్ని మళ్ళీ ఊరి వైపు మోసిపెట్టాడు. అబూ సఖ్ర్ కబురు విని వచ్చి, వరసగా రెండు కప్పులు తాగి వెళ్ళాడు. మా ఆయన నడుము ఈ రేకుల కింద చలికి పనికిరాదు, అది ఒక కారణం. అసలు కారణం వేరే ఉంది.

మా నాన్న ఈ గది వేసుకునేటప్పుడు నాకు పదిహేనేళ్ళు ఉంటాయి. పునాది లోతుగా తవ్వనివ్వలేదు. ఇదేం కట్టడం అని పక్కవాళ్ళు అడిగితే, "ఉండిపోవడానికా కడుతున్నాం? వెళ్ళిపోయేటప్పుడు వదిలేసి పోవడానికే" అనేవాడు. ప్రతి ఏడూ, ఆలివ్‌లు దింపే రోజుల్లో, వచ్చే ఏడాదికి ఈ గది ఖాళీ అనేవాడు. పోయేదాకా అంటూనే ఉన్నాడు. ఖాళీ కాలేదు. ఆయన తర్వాత నేను పట్టుకుని కూర్చున్నాను, ఒక్కదాన్నే ఉంటానని ఆ పిల్లకి అబద్ధం చెప్పి మరీ. సున్నా అంటే ఆయన్ని చెరిపేసినట్టు అనుకున్నాను.

బోసిపోయిన పడకగదిలో కూర్చున్నప్పుడు నాకు తోచింది. ఈ తలుపు మీద సున్నా పడాలనే కదా ఆయన బతికినన్నాళ్ళూ ఎదురుచూశాడు. ఈ గదిలో ఇక ఎవరూ లేరు, వెళ్ళిపోయారు అని ఎవరైనా రాస్తే చూడాలనే కదా. ఐన్ తీనాలో అలా ఖాళీ అయిన గది ఇంకొకటి లేదు. మా నాన్నదే మొదటిదవుతుంది.

కఫ్ర్ నర్జిస్‌కి వెళ్ళలేదని నాకూ తెలుసు. కానీ ఎవరు ఎటు వెళ్ళారో తలుపు మీద రాయరు కదా. సున్నా వేయించు నాయనా. నీలం రంగుతో, పెద్దదిగా వేయమను.

వంట మాత్రం ఇక్కడే చేస్తాను. పొయ్యికి లెక్క లేదని నీ నిబంధనే చెబుతోంది.

ఆశీర్వచనాలతో,
వస్ఫియ్యా

తా.క. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆయన ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తున్నారు. చెప్పులెక్కడ, మందుబిళ్ళ ఎక్కడ అని అడగడానికే. అయినా మొదటిసారికి పలకడం లేదు. రెండోసారి కూడా పిలవాలని.